వెనక ఎత్తుగా నిలబడ్డ కారు

జంగయ్య తను బిగించిన నట్టును తనే నమ్మేవాడు కాదు. బిగించి, చేతులు తుడుచుకుని, బీడీ వెలిగించుకోబోతూ ఆగి, మళ్లీ కారు కిందికి దూరి పానాతో ఇంకోసారి తిప్పి చూసేవాడు. ఫిల్మ్ నగర్‌లో సినిమావాళ్ల బండ్లకు పనిచేసే మెకానిక్కులు అతన్ని అనుమానం జంగయ్య అని పిలిచేవారు. ఆ పేరు మొదట్లో వెనకాల అనేవారు, తర్వాత ఎదురుగానే అన్నారు. అతను కాదనలేదు.

అతనిది షేక్‌పేట. ఇప్పుడు జూబ్లీ హిల్స్‌లో పెద్ద పెద్ద ఇళ్లున్న చోట అతని తండ్రి బండలు కొట్టేవాడు. జంగయ్యకు ఆ పని పట్టలేదు. బాలానగర్‌లో వెల్డింగ్ నేర్చుకుని, 1980 ప్రాంతంలో ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియోకి కింది వాలులో రేకుల షెడ్డు వేసుకున్నాడు. సినిమాల్లో కార్లు ఒకదాన్నొకటి తరుముకునే సీన్లు ఉంటాయి కదా, ఆ కార్లను ముందుగా తయారుచేయడం అతని పని. కారు పల్టీ కొట్టినా పైకప్పు డ్రైవరు నెత్తిన నొక్కుకోకుండా లోపల ఇనుప గొట్టాలతో పంజరంలాంటిది కట్టాలి. అలాంటివి జంగయ్య చాలా కట్టాడు.

అనుమానం అతనికి పుట్టుకతో రాలేదు. 1984లో ఒక సినిమా కోసం అంబాసిడర్‌ను మట్టిదిబ్బ మీంచి దూకించారు. పంజరం కట్టింది జంగయ్య. నడిపింది పోచయ్య. పోచయ్యది కూడా షేక్‌పేటే, జంగయ్య కంటే ఆరేళ్లు చిన్నవాడు, స్టీరింగ్ పట్టుకుంటే భయమనేది తెలియని మనిషి. మూడుసార్లు కారు బాగానే దూకింది. డైరెక్టరుకు తృప్తి కాక నాలుగోసారి దూకించాడు. ఈసారి నేలను తాకగానే లోపలి అతుకొకటి ఊడి, గొట్టం పోచయ్య కుడి భుజం మీద పడింది.

ఎముక అతికింది గాని ఆ చెయ్యి భుజం కంటే పైకి లేవడం మానేసింది. ఆస్పత్రిలో జంగయ్య మంచం పక్కన నిలబడితే, బండి అట్లా పడ్డది, నీ తప్పేముందన్నా అన్నాడు పోచయ్య. ఆ మాట జంగయ్యను కుదుటపరచలేదు. షెడ్డుకు వచ్చి ఊడిన అతుకును వెలుతురులో పెట్టి చూశాడు. పైన నున్నగా మెరుస్తోంది, లోపల బోలుగా ఉంది. ఆ రోజు తొందరలో చేసిన పని. చూసినవాళ్లెవరూ కనిపెట్టలేరు, తనూ కనిపెట్టలేదు. అప్పట్నుంచీ పైకి బాగున్న ఏ వస్తువునూ అతను నమ్మలేదు. పోచయ్య దూకుళ్లు మానుకుని, ఒక సినిమా కంపెనీలో మామూలు డ్రైవరుగా చేరాడు.

ఇలా అయిదేళ్లు గడిచాక, 1989 వేసవిలో, సూర్యప్రకాశరావు అనే నిర్మాత జంగయ్యను జూబ్లీ హిల్స్‌లోని తన ఇంటికి పిలిపించాడు. ఆయన అమెరికాలో తెలుగువాళ్ల సభకు వెళ్లి, అక్కడ ఎవరో తీసుకెళ్తే ఒక కార్ల పందెం చూసి, తిరిగొచ్చేటప్పుడు సంచీనిండా వీడియో క్యాసెట్లు తెచ్చుకున్నాడు. తెలుగులో అలాంటి పందెం మీద సినిమా తీయాలని ఆయన కోరిక. అమెరికా క్యాసెట్లు మన వీసీఆర్‌లో వేస్తే బొమ్మ నిలవదు కాబట్టి, వాటికోసం దుబాయి నుంచి వేరే వీసీఆర్ తెప్పించాడు. కథ రాయడానికి అచ్యుతరామయ్య అనే రచయితను పెట్టుకున్నాడు. ఆయన తెనాలిలో ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసి, సినిమా మోజులో ఉద్యోగం వదిలేసి వచ్చిన మనిషి. క్యాసెట్లో మాటలు విని తెలుగులో చెప్పేది ఆయనే. అవన్నీ అంబాసిడర్లతో చేయవచ్చో లేదో చెప్పాల్సింది జంగయ్య.

మొదటి రోజు జంగయ్యకు అదేమీ నచ్చలేదు. నలభై కార్లు గిన్నెలాంటి మైదానంలో ఒకే వైపుకు, మూడున్నర గంటలు గుండ్రంగా తిరిగాయి. ఎక్కడికీ పోని పరుగులో ఏముందో అతనికి అర్థం కాలేదు. పైగా, ఇవి మామూలు జనం కొనుక్కునే కార్లేనని, అందుకే ఆ పందేన్ని స్టాక్ కార్ రేసింగ్ అంటారని అచ్యుతరామయ్య చెబితే జంగయ్య తెరకు దగ్గరగా వెళ్లి చూశాడు.

“సారూ, ఆ ముందర లైట్లు లైట్లు కావు. కాయిదం అతికించిండ్రు. డోర్ సుత లేదు, మనిషి కిటికీల నుంచి దూరుతున్నడు. ఇది దుకాణంల అమ్మే బండి ఎట్లయితది?”

అచ్యుతరామయ్య నవ్వి ఒప్పుకున్నాడు. నలభై ఏళ్ల కిందట నిజంగానే దుకాణంలో కొన్న కార్లతో మొదలైందని, రానురాను పేరూ ఆకారమూ మాత్రమే మిగిలాయని చెప్పాడు. అయినా జనానికి ఆ ఆకారమే కావాలి. తమ ఇంటి ముందు నిలబెట్టుకునే కారు, తాము పిల్లల్ని ఎక్కించుకుని మార్కెట్టుకు వెళ్లే కారు, గంటకు మూడొందల కిలోమీటర్ల వేగంతో పోతోందని చూసుకోవడంలోనే వాళ్ల సంబరం. ఫోర్డు ఉన్నవాడు ఫోర్డు గెలవాలని అరుస్తాడు. ఆదివారం గెలిచిన కారు కోసం సోమవారం దుకాణానికి వచ్చేవాళ్లుండేవారట.

నాలుగో రోజుకు జంగయ్య పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. ఒక కారు ముందు కారుకు జానెడు దూరంలో అతుక్కుని పోవడం ఎందుకో అతనికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. లారీ వెనకాల సైకిలు తొక్కినవాడికి గాలి ఎక్కడ తగ్గుతుందో తెలుసు. మైదానం అంచున ఏడుగురు మనుషులు దూకి, ఇరవై సెకన్ల లోపు నాలుగు చక్రాలు మార్చి, పెట్రోలు పోసి కారును తోసేయడం చూసి, అదొక్కటీ నాలుగుసార్లు వెనక్కి తిప్పించుకున్నాడు. వాళ్లు నట్లు ముందుగానే చక్రానికి జిగురుతో అంటించి పెట్టుకుంటారని కనిపెట్టి అచ్యుతరామయ్యకు చెప్పింది కూడా అతనే.

కానీ జంగయ్యను అసలు పట్టేసింది వేగం కాదు, ఆ ఆట పుట్టుక. నిర్మాత తెచ్చిన బొమ్మల పుస్తకం ముందు పెట్టుకుని అచ్యుతరామయ్య వరసగా చెప్పుకొచ్చాడు. అమెరికా దక్షిణాదిలో కొండల్లో బీదవాళ్లు దొంగచాటుగా సారా కాచేవారు. దాన్ని పట్నాలకు చేరవేయాలి, దారిలో పోలీసులుంటారు. అందుకని పైకి మామూలుగా కనిపించే కార్లకే లోపల ఇంజన్లు మార్చి, వెనక సీటు పీకేసి, సీసాలు నింపుకుని, మట్టిరోడ్ల మీద లైట్లు ఆర్పి నడిపేవారు. అలా నడిపేవాళ్లలో ఎవరి బండి గట్టిదనే మాట వచ్చి, ఆదివారం మధ్యాహ్నాలు ఎవరిదో పచ్చికబయలు చూసుకుని పందేలు వేసుకున్నారు. చూడటానికి జనం వచ్చారు. సముద్రపు ఒడ్డున ఇసుక మీద కూడా పందేలు సాగాయి. గెలిచినవాడికి ఇస్తామన్నది ఇవ్వకుండా పందెం పెట్టినవాడు పారిపోవడం మామూలైంది. చివరకు పందేలు నడిపే పెద్దలంతా 1947 డిసెంబరులో ఒక హోటల్లో కూర్చుని, ఇకమీదట ఒక సంఘం, ఒకే నియమావళి అని తీర్మానించుకున్నారు.

“అసలు కథ ఇప్పుడుంది జంగయ్యా,” అన్నాడు అచ్యుతరామయ్య. “1949లో దుకాణంలో కొన్న కార్లతోనే మొదటి పెద్ద పందెం పెట్టారు. ఒకతను గెలిచాడు. ఆ సాయంత్రమే కారు కిందికి దూరి చూసి, నువ్వు గెలవలేదు పొమ్మన్నారు.”

ఎందుకని అడిగాడు జంగయ్య. వెనక కమాన్ పట్టీలకు చీలలు కొట్టి బిగించి ఉన్నాయట. కమాన్ పట్టీలంటే కారు బరువును మోసే వంపు తిరిగిన ఇనుప పట్టీలు. సారా బండ్లకు వాటిని గట్టిపరిచేవారు. లేకపోతే సీసాల బరువుకు బండి వెనక కుంగిపోయి, దూరం నుంచే పోలీసులకు తెలిసిపోతుంది. గట్టిపరిచిన బండి సరుకుతో ఉన్నప్పుడు సమంగా నిలబడుతుంది, ఖాళీగా ఉన్నప్పుడే పిర్ర ఎత్తుకుని కనిపిస్తుంది. పందెం గెలిచిన ఆ కారు అంతకు కొద్ది రోజుల ముందు సారా మోసిన కారే. దాని సొంతదారు కోర్టుకు వెళ్లి అక్కడా ఓడిపోయాడు.

గెలిచినవాడిని దండవేసి పంపకుండా, ముందు అతని కారును విప్పదీసి చూడటం అనే పద్ధతి జంగయ్యకు విపరీతంగా నచ్చింది. తనను ఇక్కడ ఎగతాళి చేస్తారు, అక్కడ తనలాంటివాడికి ఉద్యోగమిచ్చి గెలుపోటములు తేల్చమంటారు. ఇంటికి వెళ్లి భార్య బాలమణికి ఇదంతా చెబితే, సారా కాచేవాళ్లను దేవుళ్లలాగ చెబుతున్నావేమని ఆమె విసుక్కుంది. ఆమె తమ్ముడు లక్ష్మయ్య ముప్పై ఒకటో ఏట సారాతోనే కడుపు చెడి చనిపోయాడు. జంగయ్య ఆ మాట మరిచిపోయినందుకు సిగ్గుపడి, ఆ సంగతి మళ్లీ ఇంట్లో ఎత్తలేదు.

సినిమా తయారు కాలేదు. హీరో డేట్లు దొరకలేదు, ఆ తర్వాత నిర్మాత మనసు మరో కథ మీదికి పోయింది. అప్పటికి జంగయ్య రెండు అంబాసిడర్లు సిద్ధం చేశాడు. సీట్లు పీకి, పంజరాలు కట్టి, పట్టీలు గట్టిపరిచి, ఒంటి నిండా అంకెలు రాయించినవి. తీసుకుపోయేవాళ్లు లేక అవి షెడ్డు వెనకే ఎండకు ఎండాయి. అచ్యుతరామయ్య మాత్రం అప్పుడప్పుడు వచ్చి టీ తాగి పోయేవాడు.

1995 జనవరిలో రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది. సారా అంతకు ముందే పోయింది, ఇప్పుడు బ్రాందీ, విస్కీ సీసాలూ పోయాయి. బాలమణి బస్తీ ఆడవాళ్లతో కలిసి కొబ్బరికాయ కొట్టింది. నెల తిరక్కుండానే, పోచయ్య పనిచేసే సినిమా కంపెనీ ప్రొడక్షన్ మేనేజరు త్రినాథరావు ఒక తెల్ల అంబాసిడర్‌ను షెడ్డుకు పంపించి, తనూ వెనకాలే వచ్చాడు. కాకినాడవైపు మనిషి, ఎప్పుడూ తెల్లచొక్కా, మాట నెమ్మది. వెనక పట్టీలు అయిదుంటే ఎనిమిది చెయ్యమన్నాడు. చేజింగ్ సీనుకట.

జంగయ్య కారు చుట్టూ తిరిగాడు. దూకే బండి ముందు చక్రాల మీద పడుతుంది కాబట్టి ముందు వైపు గట్టిపరచాలి. అదేమీ అక్కర్లేదన్నాడు త్రినాథరావు. లోపల గొట్టాలు కట్టాలా అంటే వద్దన్నాడు. ఫైట్ మాస్టరు ఎవరని అడిగితే ఇంకా అనుకోలేదన్నాడు. వెనక సీటు మాత్రం సులువుగా ఊడివచ్చేలా చెయ్యాలట.

“మరి గిదేం చేజింగ్ సార్? పడితే డ్రైవర్ ఏం కావాలె?”

“పడదులేవయ్యా. నువ్వు చెప్పింది చెయ్యి, చాలు. కథలు అడగడానికి నువ్వు హీరోవా?” అని నవ్వాడు త్రినాథరావు.

జంగయ్య పని చేసి ఇచ్చాడు. కారు షెడ్డు దాటి వాలెక్కుతుంటే వెనక భాగం జానెడు ఎత్తున లేచి ఉంది. ఆ ఆకారం గురించి అతను ఎక్కడ విన్నాడో వెంటనే గుర్తొచ్చింది. ఆరోజు అన్నం సగంలో వదిలేశాడు. ఒకసారి కథ విన్నంతమాత్రాన కనిపించిన ప్రతి బండినీ సారాబండి అనుకోవడం తన పాడు బుద్ధేమోనని కూడా అనుకున్నాడు.

నెల తర్వాత అదే కారు గ్రీజు కోసం వచ్చింది. తీసుకొచ్చినవాడు ఎవరో కుర్చీలు మోసే పనివాడు, అతన్ని టీకి పంపించి జంగయ్య కారు కిందికి దూరాడు. పట్టీల మధ్య ఎండిన చెరుకు ఆకులు ఇరుక్కుని ఉన్నాయి. ఒకటి రెండు కాదు, పిడికెడు. ఫిల్మ్ నగర్‌లో చెరుకు లేదు. జహీరాబాద్ దగ్గర ఉంది, అది దాటితే బీదర్, అంటే కర్ణాటక, అక్కడ నిషేధం లేదు. చెక్‌పోస్టు ఉన్న పెద్దరోడ్డు మీద పోయే బండికి చెరుకాకు ఎలా అంటుకుంటుంది? చేలగట్ల వెంట పోయిన బండికే అంటుకుంటుంది. వెనక సీటు ఎత్తి చూశాడు. ఎండుగడ్డి పరకలు, ఒక చిన్న పచ్చ గాజు పెంకు. డిక్కీలో సినిమా రీళ్లు పెట్టే ఇనుప పెట్టె ఒకటి, ఖాళీది, ఉంది. వాసన చూశాడు. కడిగేసిన వాసన తప్ప ఇంకేం లేదు. ఆ కడగడమే అతనికి ఇంకా అనుమానం కలిగించింది. రీళ్ల పెట్టెను ఎవరు కడుగుతారు?

గాజు పెంకును జేబులో వేసుకున్నాడు. పోలీసులకు చెబుదామా అనుకున్నాడు. త్రినాథరావుకు ఎవరెవరు స్నేహితులో ఎవరికి తెలుసు? ఎవరితో చెబితే ఎక్కడికి చేరుతుందో? అచ్యుతరామయ్యతో చెబుదామనుకున్నాడు. ఆయన తినే తిండి కూడా ఇప్పుడు అదే కంపెనీది. ఇలా ఒక్కొక్క పేరూ తీసి పక్కన పెట్టేస్తూ రెండు వారాలు గడిపాడు.

ఒక మధ్యాహ్నం స్టూడియో గేటు దగ్గర అదే తెల్లకారు ఆగి ఉంది. స్టీరింగు దగ్గర పోచయ్య. ఎడమ చేత్తో స్టీరింగు పట్టుకుని, చెడిపోయిన కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ కారును ఎవరు నడుపుతున్నారనే ప్రశ్న ఇన్నాళ్లూ తనకు తట్టకపోవడం జంగయ్యకే వింతగా తోచింది. బహుశా తట్టకుండా తనే చూసుకున్నాడు.

పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. జేబులోంచి పచ్చ పెంకు తీసి అద్దం ముందు పెట్టాడు. పోచయ్య దాన్ని చూసి, బయట ఎవరైనా ఉన్నారా అని ఒకసారి చూసుకుని, తర్వాత దాచలేదు. వారానికి రెండు ట్రిప్పులు, రీళ్ల పెట్టెలున్న సినిమా బండి అంటే చెక్‌పోస్టులో చెయ్యి ఊపుతారు, ఊపనివాడున్న రోజున చేల మీదుగా పోతాం అని చెప్పాడు. సరుకంతా జూబ్లీ హిల్స్ ఇళ్లకే పోతుంది. చెబుతుంటే అతని గొంతులో పదకొండేళ్లుగా లేని హుషారు వచ్చింది.

“అన్నా, లైట్లు బంద్ చేసి ఆ బాట మీద బండి తోలుతుంటే, నాకు మల్ల చెయ్యి వచ్చినట్టు ఉంటది. నువ్వేసిన పట్టీలు గట్టిగున్నయ్. బండి జరంత సుత ఊగది.”

ఆ పొగడ్త జంగయ్యకు దెబ్బలా తగిలింది. మానుకోరా అన్నాడు. పట్టుకుంటే త్రినాథరావు నిన్ను ఎరగనంటాడు అన్నాడు. పోచయ్య ఈ నెలాఖరుతో మానేస్తానని చెప్పాడు. ఈ సంగతి ఎవరితోనూ అనవద్దని కూడా అడిగాడు. జంగయ్య సరేనన్నాడు. నెలాఖరుకు ఇంకా పదిరోజులుంది.

ఆ సాయంత్రం అతను ఇంటికి వెళ్లేసరికి బాలమణి గడప దగ్గర కూర్చుని ఉంది. ఆమె జూబ్లీ హిల్స్‌లో ఒక ఫైనాన్షియర్ ఇంట్లో గిన్నెలు తోముతుంది.

“పోచయ్య తోలే తెల్లబండికి పట్టీలు నువ్వే ఏసినవా?” అని అడిగింది.

“షూటింగ్ బండి అది.”

“షూటింగ్ బండేనా?”

జంగయ్య కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ అడగలేదు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె ఒక మాటను ఒకేసారి అడిగి వదిలేయడం అతనెప్పుడూ చూడలేదు. ఆమెకు ఏం తెలుసో, ఎంత తెలుసో అనే ఆలోచనతో రెండు రోజులు ఆమె మొహం చూస్తూ తిరిగాడు. ఆమె కూడా అతని మొహం చూస్తూనే అన్నం పెట్టింది.

మూడో రోజున జహీరాబాద్ ఇవతల తెల్ల అంబాసిడర్‌ను పట్టుకున్నారు. చెక్‌పోస్టులో కాదు, చెరుకుతోటల్లోంచి రోడ్డెక్కే చోట జీపు అడ్డం పెట్టి మరీ కాచుకున్నారు. ఆరు రీళ్ల పెట్టెల్లో, వెనక సీటు కింద నూట యాభైకి పైగా సీసాలు దొరికాయి. ఆ డ్రైవరుకూ తమ కంపెనీకీ సంబంధం లేదని, అనుమతి లేకుండా బండి తీసుకెళ్లాడని త్రినాథరావు కాగితం రాసిచ్చాడు. ఆ బండి పని ఎక్కడ జరిగిందని అడిగితే మాత్రం జంగయ్య షెడ్డు చూపించాడు.

ఎక్సైజ్ ఇన్‌స్పెక్టరు వెంకటరామయ్య నలుగురు మనుషులతో వచ్చాడు. షెడ్డు వెనక ఎండుతున్న రెండు అంబాసిడర్లను చూసి ఆగిపోయాడు. సీట్లు లేవు. పట్టీలు రెట్టింపు. ఇవేంటని అడిగాడు. అమెరికాలో పందేలుంటాయని, వాటి మీద సినిమా తీయబోయి మానేశారని జంగయ్య చెప్పాడు. చెబుతుంటే ఆ మాటలు తనకే నమ్మబుద్ధి కాలేదు. ఆ పందెం ఎలా పుట్టిందని ఇన్‌స్పెక్టరు అడగలేదు, అది ఒక్కటే మేలు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆఫీసులో బల్ల మీద కూర్చోబెట్టారు. వెనక పట్టీలు మాత్రమే ఎందుకు గట్టిపరిచావు, నీకు అనుమానం రాలేదా అని ఇన్‌స్పెక్టరు మూడుసార్లు అడిగాడు. ఊరంతా అనుమానం జంగయ్య అని పిలిచే మనిషి తల వంచుకుని, చేజింగ్ అన్నారు సార్, చేసినా సార్ అన్నాడు. పోచయ్యతో మాట్లాడిన సంగతి చెప్పలేదు. నాలుగింటికి అచ్యుతరామయ్య వచ్చాడు. చంకలో పాత ఫైలు. అందులో కథ, పందెం సీన్ల బొమ్మలు, కారు పట్టీలు ఎలా ఉండాలో జంగయ్య పెన్సిలుతో గీసిన గీతలు, వాటి కింద 1989 తేదీలు ఉన్నాయి. తనను ఏ కంపెనీ తిండి పెట్టి పోషిస్తోందో ఆయన ఆ రోజు పట్టించుకోలేదు. జంగయ్య మాత్రం ఆయన్నే అనుమానించి రెండు వారాలు నోరు మూసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు ఫైలు తిరగేసి, ఇంటికి పొమ్మన్నాడు. జంగయ్య లేచి నిలబడుతుంటే, “నీ పేరు చెప్పలేదులే ఆవిడ. బండి నెంబరూ, దారీ మాత్రమే చెప్పింది,” అన్నాడు. ఆవిడెవరు సార్ అంటే, టెలిఫోన్ బూత్ నుంచి చేసిందని, పేరు చెప్పలేదని, ఆడగొంతని చెప్పాడు.

ఆ దారి గురించి పోచయ్య చెప్పింది తన ఒక్కడితోనే అనుకున్నాడు జంగయ్య. ఇంటికి నడిచే దారిపొడవునా ఆడవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలచుకున్నాడు. గుమ్మంలోకి వచ్చేసరికి ఒక్క పేరే మిగిలింది.

“ఫోన్ చేసింది నువ్వా?”

“నేనే,” అంది బాలమణి. ఫైనాన్షియర్ ఇంట్లో రీళ్ల పెట్టె తెరిచి సీసాలు తీయడం ఆమె కళ్లారా చూసింది. దించింది పోచయ్య. చెరుకుతోటల దారి గురించి, జంగయ్య వేసిన పట్టీల గురించి అతను వంటగదిలో వంటమనిషికి చెప్పి నవ్వుతుంటే విన్నది. నాతో ఎందుకు చెప్పలేదని జంగయ్య అడిగాడు.

“నిన్ను అడిగిన. షూటింగ్ బండి అన్నవు. నీకు చెప్తే మల్లొకసారి చూస్త అంటవు. చూస్తనే ఉంటవు. నా తమ్ముడు పోయిన నాడు సుత అందరు గట్లనే చూస్తుండిరి.”

పోచయ్య భార్యాపిల్లల సంగతి ఆలోచించావా అన్నాడు. ఆలోచించానంది. పొద్దున లేచి ఆమె పోచయ్య ఇంటికి వెళ్లి, అతని భార్య కౌసల్యకు ఫైనాన్షియర్ ఇంటి పక్కింట్లో పని కుదిర్చి వచ్చింది. తను మాత్రం ఆ ఫైనాన్షియర్ ఇంటికి మళ్లీ వెళ్లలేదు.

పోచయ్యకు ఆరు నెలలు పడింది. త్రినాథరావు కొన్నాళ్లు మద్రాసు వెళ్లి ఉండి, సద్దుమణిగాక తిరిగొచ్చాడు. జైలు నుంచి వచ్చిన వారానికి పోచయ్య షెడ్డుకు వచ్చాడు. లోపలికి రాలేదు, రేకు నీడలో నిలబడ్డాడు.

“గా దినం నీతోనే చెప్పిన. మూడు దినాలకు పట్టుకున్నరు.”

జంగయ్య చేతిలో పానా పట్టుకుని నిలబడ్డాడు. నేను కాదు అంటే చాలు. కానీ నేను కాదంటే మరెవరని పోచయ్య వెతుకుతాడు. వంటగదిలో గిన్నెలు తోముతూ ఎవరు కూర్చున్నారో అతనికి గుర్తొస్తుంది. కౌసల్యకు పని ఇప్పించింది ఎవరో కూడా గుర్తొస్తుంది.

“అవును పోచయ్యా. నాకే చెప్పినవు,” అన్నాడు.

“నా చెయ్యి పోయిన నాడు నిన్ను ఒక్క మాట అనకపోతిని,” అని పోచయ్య వెళ్లిపోయాడు.

ఆ రాత్రి జంగయ్య ఈ సంగతి భార్యతో చెప్పలేదు. ఎవరి ద్వారానో ఆమెకు తెలిసింది. నిజం చెప్పేస్తాను, నాకు భయమేముందని ఆమె బయల్దేరబోతే జంగయ్య ఆపాడు. కౌసల్యతో నీకు ఒక స్నేహం మిగిలింది, అది ఉండనియ్యి అన్నాడు. ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

1997లో నిషేధం ఎత్తేశారు. పోచయ్య ఏ సీసాల కోసం జైలుకు వెళ్లాడో అవి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ కూడలి దగ్గర దుకాణంలో వరసగా నిలబడి కనిపించాయి. ఆ మరుసటి ఏడాది షెడ్డు ఉన్న వాలులో ఎవరో భవనం కట్టడానికి వచ్చారు. పందెం కార్లు రెండూ పాత ఇనుముకు పోయాయి. జంగయ్య యూసుఫ్‌గూడ రోడ్డులో ఒక చిన్న గ్యారేజీ చూసుకున్నాడు. ఎదురుగా బాలనర్సయ్య అనే మెకానిక్కుది ఇంకో గ్యారేజీ. మధురానగర్ పిల్లల్ని బడికి తీసుకెళ్లే వ్యాన్ ఒకటి నెలకోసారి ఆ ఎదురు గ్యారేజీకి వచ్చేది. నడిపేది పోచయ్య. రోడ్డుకు ఇటువైపు చూసేవాడు కాదు.

ఒక వానాకాలం ఉదయం వ్యాన్ బ్రేకు పట్టడం లేదు. బాలనర్సయ్య గ్యారేజీకి తాళం వేసి ఉంది. బడి టైమవుతోంది, వ్యాన్ నిండా పిల్లలు. పోచయ్య కాసేపు ఆ తాళం వైపే చూసి, వ్యాన్‌ను నెమ్మదిగా రోడ్డు దాటించాడు. జంగయ్య ఏమీ అడగకుండా చక్రం విప్పాడు. పిల్లలు అరుగు మీద కూర్చున్నారు. పోచయ్య పక్కనే నిలబడి, చివరిదాకా అతని చేతులవైపే చూశాడు. పని అయ్యాక వ్యాన్‌ను యాభై గజాలు నడిపి, బ్రేకు రెండుసార్లు తొక్కి చూసుకుని వచ్చి పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి నెల వ్యాన్ మళ్లీ జంగయ్య దగ్గరికే వచ్చింది. ఆ రోజు బాలనర్సయ్య గ్యారేజీ తెరిచే ఉంది.